నల్లమలలో పిల్లల అడవి క్యాంపు 12 మందితో మొదలై 60కి చేరింది, ఇప్పుడేం చేయాలి? మీ అనుభవాలు చెప్పండి

దేవరకొండ సైన్స్ సార్

అందరికీ నమస్తే. హైస్కూల్‌లో బయాలజీ చెప్తాను. ఐదేళ్ల కింద తొమ్మిదో తరగతి పిల్లలు 12 మందిని నల్లమల తీసుకుపోయాను. మన్ననూరులో రాత్రి బస, పొద్దున్నే చెంచు గైడ్‌తో అడవిలో నడక, మరుసటి రోజు ఉమామహేశ్వరం. అంతే. ఆ మాట ఊరంతా పాకింది. తర్వాతి ఏడు 20 మంది, పోయిన డిసెంబర్‌లో 38 మంది. ఈసారి పేర్లు 60 దాటాయి, పక్క మండలం స్కూళ్లవాళ్లు కూడా అడుగుతున్నారు.

సంతోషమే. కానీ పోయిన ట్రిప్పు నుంచి ఒకటి మనసులో మెదులుతోంది. మొదటి ఏడాది గైడ్ ఒక చెట్టు దగ్గర ఆగి, తేనె కోసం ఎక్కిన ఎలుగుబంటి గోళ్ల గీతలు చూపించాడు. 12 మందీ చుట్టూ మూగి, ఒక్కొక్కరు ఆ గీతల్లో వేలు పెట్టి చూశారు. పోయిన డిసెంబర్‌లో అలాంటి చెట్టే కనిపిస్తే ముందున్న ఆరేడుగురు చూశారు. వెనకవాళ్లు "ఏంది సార్, ఏంది" అని అడిగేలోపు లైను కదిలిపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. కాలిలో ముల్లు తీసుకుంటూ ఒక అబ్బాయి వెనక ఉండిపోయాడు. మేం లెక్కపెట్టుకుని, వెనక్కి పోయి వెతికేసరికి ఇరవై నిమిషాలు. దారి పక్కనే కూర్చుని ఉన్నాడు, ఏమీ కాలేదు. కానీ ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను.

రెండు బస్సులు పెట్టి అందరినీ తీసుకుపోవాలా, కొందరికి వద్దని చెప్పాలా?

భువనగిరి క్లైంబర్

సార్, మా గుట్ట దగ్గరా ఇదే జరిగింది. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం వైపు అబ్బాయి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. ఇద్దరూ గురుకులం పిల్లలు, ఇద్దరికీ శిక్షణ మొదలైంది భువనగిరి బండ మీదే. అప్పటికి మాది నల్గొండ జిల్లానే. అంతకుముందు ఇక్కడికి కోట చూడ్డానికే ఎక్కువ మంది వచ్చేవాళ్లు. ఆ తర్వాత అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి "మా బిడ్డకు కూడా నేర్పిస్తారా" అని అడగడం మొదలైంది.

నేను చూసింది చెప్తాను. బండ ఎక్కేవాళ్లు ఒకరు, కింద తాడు పట్టేవాళ్లు ఒకరు, ముడులు సరిచూసే ఇన్‌స్ట్రక్టర్ ఒకరు. ఈ లెక్క మారదు. ఎనిమిది మంది బ్యాచ్ అయితే పొద్దున ఆరు నుంచి పది లోపు ప్రతి పిల్లా మూడుసార్లు ఎక్కుతుంది. మొదటిసారి ఏడుస్తుంది, రెండోసారి సగం దాకా పోతుంది, మూడోసారి పైకి చేరుతుంది. పాతిక మంది వస్తే ఒక్కసారే వంతు. అంటే ఏడుపు దగ్గరే ఆగిపోతుంది. పది దాటితే బండ కాలుతుంది, ఇంకెవరినీ ఎక్కించలేం.

నల్గొండ అమ్మ

సార్, నేను పిల్లాణ్ని ఇలాంటి క్యాంపుకు పంపిన తల్లిని. మా బాబు ఎనిమిదిలో ఉన్నప్పుడు ఫోన్ వదిలేవాడు కాదు. తిండి మీద కూడా ధ్యాస లేదు. ఎవరో చెప్తే ఒక అడ్వెంచర్ క్యాంపులో వేశాను. "నువ్వు మారాలి, అందుకే పంపుతున్నా" అని చెప్పి మరీ పంపాను. అక్కడ వంద మందికి పైగా పిల్లలు. నడవలేనివాళ్లతో అందరి ముందు గుంజీలు తీయించారట. మావాడు వచ్చాక వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ ఇంకా ఎక్కువ చూశాడు.

రెండేళ్ల తర్వాత వాళ్ల స్కూల్ మేడం పదిహేను మందిని నల్లమల తీసుకెళ్తుంటే తనంతట తానే పోతానన్నాడు. నేను నమ్మలేదు. తిరిగొచ్చిన రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి "అమ్మా, అక్కడ లైట్లు లేకపోయినా వెన్నెల్లో నా నీడ కనిపించింది" అన్నాడు. ఆ వయసు పిల్లాడు నా పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఫోన్ మానేశాడని చెప్పను, ఇప్పటికీ చూస్తాడు. కానీ నాతో మాట్లాడుతున్నాడు, నాకది చాలు. దయచేసి మీ క్యాంపును శిక్షగా మార్చకండి. పిల్లలు ఎక్కువైతే అదుపు కోసం అరవడం, శిక్షించడం వాటంతటవే వస్తాయి.

రిటైర్డ్ పీఈటీ, నాగర్‌కర్నూల్

అమ్మా, మీరన్నది నూటికి నూరు నిజం. ఇలాంటి అడ్వెంచర్ శిక్షణకు పేరుపడ్డ ఔట్‌వర్డ్ బౌండ్ అనే సంస్థ 1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో మొదలైంది. యుద్ధకాలంలో కుర్ర నావికులు కష్టాన్ని తట్టుకోవాలని పెట్టారు. 1960లలో అమెరికాకు పాకింది. తర్వాత అక్కడ దాన్ని చూసి, మాట వినని పిల్లల్ని బాగుచేస్తామంటూ వేరే క్యాంపులు పుట్టుకొచ్చాయి. 1990లో యూటా రాష్ట్రంలో అలాంటి ఒక క్యాంపులో 16 ఏళ్ల అమ్మాయి నడకలోనే ఎండదెబ్బకు చనిపోయింది. నా సర్వీసులో ఎన్నోసార్లు పిల్లల్ని గుట్టలెక్కించాను. అలిసిపోయానని పిల్లవాడు చెప్తే నటిస్తున్నాడని ఎప్పుడూ అనుకోకూడదు. ముందు నీడకు చేర్చి నీళ్లు తాగించాలి.

మన్ననూరు గైడ్

సార్, నేను చెంచును, ఇక్కడే గైడ్‌గా చేస్తాను. మీ పిల్లలతో నేను రాలేదు గానీ పెద్ద గుంపులతో వచ్చే తిప్పలు నాకు తెలుసు. నలభై మంది వస్తే అడవి ముందే ఖాళీ అవుతుంది. దుప్పి కూడా నిలబడదు. అంతమంది ఒక్కసారే మా పెంటలోకి, అంటే మా చెంచు గూడెంలోకి వస్తే, గుడిసెల్లోకి తొంగిచూసి ఫోటోలు తీస్తారు. మా అవ్వ లోపలికి పోయి కూర్చుంటుంది. పది మంది వస్తే ఆమే బయటికొచ్చి పేర్లడుగుతుంది, ఏ గడ్డ ఎట్ల తవ్వాలో చూపిస్తుంది.

భువనగిరి అన్న తాడు సంగతి చెప్పిండు కదా. మా తాత కొండ అంచున తాడు కట్టి, దానికి వేలాడుతూ తేనె తీసేవాడు. పైన తాడు దగ్గర కావలి ఉండేది ఆయన బామ్మర్దే. ఇంకెవరినీ ఉంచరు. అక్క తాళి తెగకూడదని వాడు కన్ను తిప్పడు. పిల్లలకు ఈ మాట చెప్తే చప్పుడు లేకుండా వింటారు. పది మందికైతే చెప్పగలను, అరవై మందికి మైక్ పట్టుకుని చెప్పే మాట కాదు.

ఇంకోటి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా పులుల అడవిలోకి పంపరు, అప్పుడు ప్లాన్ పెట్టుకోవద్దు. శివరాత్రి తర్వాత ఆకు ఎండిపోతుంది, నిప్పురవ్వ పడితే గుట్టకు గుట్ట తగలబడుతుంది. క్యాంప్‌ఫైర్ అడగకండి.

మహబూబ్‌నగర్ స్టాఫ్ నర్స్

గైడ్ అన్నకు దండం. సార్, బస మాత్రం మన్ననూరులోనే ఉంచండి, అడవి గేటు దాటి లోపల వద్దు. చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. అచ్చంపేట ఆసుపత్రి గేటుకు ఇవతల వైపే ఉంది. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, 108కి ఫోన్ చేద్దామన్నా కలవదు. అందుకే నడకకు పోయిన ప్రతిసారీ ఒక బండి, డ్రైవర్‌తో సహా, రోడ్డు మీద రెడీగా ఉండాలి.

ఆస్తమా, ఫిట్స్, అలర్జీ ఉన్నవాళ్ల వివరాలు తల్లిదండ్రుల చేత రాయించుకోండి. అలర్జీ ఉన్న పిల్లలకు ఒక్క తేనెటీగ కుట్టినా ప్రాణం మీదికి రావచ్చు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం ఏవీ చేయొద్దు. కాలు కదలకుండా కట్టెతో కట్టి, పిల్లను నడిపించకుండా మోసుకుని బండెక్కించండి. 38 మందిలో ఒకరిని మోయడానికి ఇద్దరు పెద్దవాళ్లు పోతే, మిగతావాళ్లను ఎవరు చూస్తారో ముందే అనుకున్నారా?

దేవరకొండ సైన్స్ సార్

నర్సమ్మా, అనుకోలేదు. పోయినసారి పెద్దవాళ్లం నలుగురమే. ఇది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

ఎవరికీ వద్దని చెప్పను. 60 మందిని 12 మంది చొప్పున ఐదు బ్యాచ్‌లు చేస్తాను. నవంబర్‌లో రెండు, డిసెంబర్‌లో రెండు, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకటి. ఖర్చు పెరుగుతుంది, నా ఆదివారాలు పోతాయి, పోనీ. ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ ప్రతి బ్యాచ్‌కూ విడిగా తీసుకుంటాను. ఒక్కో బ్యాచ్‌కు ముగ్గురు పెద్దవాళ్లు కావాలి. ముందు గైడ్, మధ్యలో నేను, చివర ఒకరు. చివరివాళ్లను దాటి ఏ పిల్లా వెనక ఉండకూడదు. ఆ చివరి మనిషే దొరకడం లేదు. స్టాఫ్‌లో అడిగితే అందరూ ముందు నడుస్తామనేవాళ్లే.

నల్గొండ అమ్మ

సార్, మావాడిప్పుడు ఇంటర్ ఫస్టియర్. మీ పోస్టు చదివి వినిపించాను. "చివర నేను నడుస్తా" అంటున్నాడు. పెద్దవాళ్ల లెక్కలోకి రాడు, కానీ వాళ్ల మేడం తోడుగా వస్తానన్నారు. పంపమంటారా?

మన్ననూరు గైడ్

పంపండి అక్కా. బూట్లు కొత్తవి వద్దు, అలవాటైనవే వేసుకురమ్మనండి.