అప్‌డేట్: జమైకా రమ్‌లో నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన

57 శాతం డార్క్ జమైకా రమ్ మూత తీయగానే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొడుతోంది, సరుకు పాడైందా అని అడిగాను కదా. పాడవలేదు. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఆ ఘాటు ప్రధానంగా ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ది (ఎస్టర్లంటే ఘాటైన, పండ్ల లాంటి వాసనలిచ్చే రసాయనాలు). జమైకాలోని ట్రెలానీ పారిష్ (జిల్లా లాంటిది)లో ఉన్న హాంప్డెన్ లాంటి రమ్ డిస్టిలరీల్లో మొలాసిస్‌ను, అంటే పంచదార తీశాక మిగిలే చెరకు మడ్డిని, రోజుల తరబడి పులియబెడతారు. అందులో డండర్, అంటే ముందటి బట్టీలో అడుగున మిగిలిన పుల్లటి ద్రవం, కలుపుతారు. బ్యాక్టీరియా తయారుచేసిన ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి ఎస్టర్లవుతాయి, పాట్ స్టిల్ (కుండ ఆకారంలో ఉండే బట్టీ పాత్ర) వాటిని చాలావరకు నిలుపుతుంది. మగ్గిన అనాస, బాగా పండిన అరటి వాసనలూ ఆ ఎస్టర్లవే. ఇది లోపం కాదు, ఆ రమ్ ప్రాణమే అది.

మీరు చెప్పిన పద్ధతి బాగా పనిచేసింది. తులిప్ గ్లాసులో (అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉండేది) 30 మి.లీ. పోసి, ఐస్ లేకుండా 15 నిమిషాలు వదిలేయాలి. ఘాటు చాలావరకు ఎగిరిపోతుంది. ముక్కు లోపల పెట్టకుండా అంచుకు కాస్త పైన, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడాలి. తర్వాత 2 మి.లీ. చొప్పున నీళ్లు. 8 మి.లీ. దగ్గర 45 శాతానికి వస్తుంది, అనాస అక్కడే బాగా విచ్చుకుంది. 13 దాటితే 40 కిందికి పడి రుచి పలచబడుతుంది.

పోల్చడానికి మరో జమైకా రమ్ యాపిల్‌టన్ 12 ఏళ్లది (43 శాతం) పెట్టుకుంటే ముందు దాన్నే తాగాలి, లేకపోతే నాలుక మొద్దుబారి నారింజ తొక్క, ఓక్ రుచులు తెలియవు. నలుపు చూసి వయసు లెక్కకట్టొద్దు. కారమెల్‌తోనూ ఆ రంగు వస్తుంది.