మా నాటకాల హాలుకు గ్రాంటు ఆపేస్తున్నారట, ఏం చేస్తే నిలబడుతుంది?

కంచరపాలెం టీచర్:

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు మాకొక చిన్న నాటకాల హాలు ఉంది. కుర్చీలు సర్దితే రెండొందల మంది పడతారు. సాయంత్రాలు పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, వెళ్లే నాటక సమాజాలు అక్కడ రిహార్సల్స్ వేసుకుంటాయి. ఆదివారాలు నేను పిల్లలకు నాటకం నేర్పిస్తాను. ఒక స్థానిక సంస్థ ఏటా ఇచ్చే గ్రాంటుతో కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, చిన్నాచితకా రిపేర్లు గడుస్తాయి. అందుకే అద్దె మాలాంటి వాళ్లకు అందుబాటులో ఉంది. వచ్చే బడ్జెట్లో ఆ పద్దు ఎత్తేసి, హాలును టెండరు మీద ఫంక్షన్లకు ఇచ్చేస్తారని తెలిసింది. వెళ్లి అడిగితే, ఇప్పుడు నాటకాలు ఎవరు చూస్తున్నారమ్మా అన్నారు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. చూసేవాళ్ల సంగతి తర్వాత, వేసేవాళ్లను ఒకసారి వచ్చి చూడమనండి. పోర్టులో, రైల్వేలో పనిచేసేవాళ్లు డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా రిహార్సల్‌కు వస్తారు. మా పిల్లల్లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. బళ్లో నలుగురి ముందు నోరు విప్పడు. ప్రాంప్టింగ్ చెప్పరా, ఎవరైనా డైలాగు మర్చిపోతే అందించు అని సైడ్ వింగ్‌లో నిలబెడితే, నాటిక మొత్తం, ఆడ పాత్రల డైలాగులతో సహా, వాడికి కంఠతా వచ్చేసింది. ప్రదర్శన రోజు గుమస్తా వేషం వేసే ఆయనకు జ్వరం వస్తే కాగితం పట్టుకోకుండా వాడే వేశాడు. ఆయన చొక్కా వీడికి మోకాళ్ల దాకా వచ్చింది. వాళ్ల నాన్న ఆటో బయట పెట్టి వచ్చి, కుర్చీ ఖాళీ ఉన్నా కూర్చోకుండా, వెనక గోడకు ఆనుకుని చివరిదాకా చూశాడు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు హాలు రేకులు లేచిపోతే, సొంత ఇళ్లకు రేకులు లేనివాళ్లు కూడా చందా ఇచ్చి కప్పించారు. అలాంటి హాలు ఇది.

సంతకాలు సేకరించాలా? ధర్నా చెయ్యాలా? సినిమా వాళ్లెవరితోనైనా మాట్లాడించాలా? మార్చి దగ్గర పడుతోందంటే టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పద్దుల మాస్టారు:

అమ్మా, ధర్నా సంగతి తర్వాత చూద్దాం. ముందు కాగితం తెప్పించండి. పద్దు మొత్తం ఎత్తేశారా, సొమ్ము తగ్గించారా, పోయినేటి డబ్బుకు లెక్క అందలేదని ఆపారా? మూడింటికీ మూడు వేర్వేరు దారులు. అకౌంట్స్‌లో పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసింది మూడోదే. గ్రాంటు తీసుకున్న సంఘం, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం (యూసీ) ఇవ్వకపోతే కొత్త డబ్బు కదలదు. మీ హాలు కమిటీ యూసీ ఇచ్చిందో లేదో, ఇస్తే అక్‌నాలెడ్జ్‌మెంట్ ఉందో లేదో ఇవాళే చూడండి.

2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే సంస్థలో పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. పద్దు ఎందుకు తీసేశారని మాత్రం రాయొద్దు. కారణాలు చెప్పే బాధ్యత మాది కాదని తిప్పి పంపుతారు. గత మూడేళ్ల కేటాయింపు, విడుదల, ఖర్చు, పద్దు తీసెయ్యాలని అధికారులు రాసుకున్న నోట్ ఫైలు, టెండరు ప్రతిపాదన, వీటి నకళ్లు అడగండి. నోట్ ఫైలు కూడా చట్టం కిందికి వస్తుంది. 30 రోజుల గడువు లెక్కేసుకుంటే అర్జీ ఈ వారమే పడాలి, లేకపోతే బడ్జెట్ ఆమోదం పొందాక మీ చేతికి నకళ్లు వస్తాయి.

గాజువాక నటుడు:

టీచర్ గారూ, మాస్టారు చెప్పినవన్నీ చెయ్యండి. నేను జనం సంగతి చెబుతాను. సినిమా వాళ్ల వీడియో రెండు రోజులు ఫోన్లలో తిరుగుతుంది, మూడో రోజు ఎవరికీ గుర్తుండదు. దాని బదులు మీ కార్పొరేటర్లుగా చేసినవాళ్లను, చెయ్యాలనుకుంటున్నవాళ్లను, ఏ పార్టీ అయినా సరే, రిహార్సల్‌కు పిలవండి. ప్రదర్శనకు పిలిస్తే శాలువా కప్పించుకుని, నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతారు. రిహార్సల్‌లో అయితే ఒకే డైలాగు పదిసార్లు చెప్పించడం, పిల్లల తల్లులు టిఫిన్ డబ్బాలతో ఎదురుచూడటం కళ్లారా చూస్తారు. జెండాలు మాత్రం గుమ్మం బయటే ఉండాలి.

సిటీలో హాళ్లు లేవా అని కచ్చితంగా అడుగుతారు. కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ అరీనా ఉన్నాయి. నేనూ వాటిలో చాలా చూశాను. కానీ అవి ప్రదర్శన రోజుకు. గంట నాటిక పరిషత్తుకు తయారవ్వాలంటే వారాల తరబడి రిహార్సల్ కావాలి. అందుకు ఎవరు ఆ హాళ్లు తీసుకోగలరు? మాకు గాజువాకలో అలాంటి చోటు పోయాక ఒక సభ్యుడి మేడ మీద చేసుకున్నాం. కింద అద్దెవాళ్లు గొడవపెట్టారు, సమాజమే చెదిరిపోయింది. అందులో మంచి నటి ఒకామె ఉండేది, తర్వాత మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదని ఇంత రాస్తున్నాను.

ఇంకో మాట. ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతికి, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు అందరూ నాటకం గురించి మాట్లాడతారు. అప్పటిదాకా ఆగొద్దు, కొత్త బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచే మొదలైపోతుంది.

మర్రిపాలెం కుర్రాడు:

అక్కా, ఎవరూ ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. పెళ్లిళ్లకు ఇస్తే డబ్బు వస్తుంది కదా, ఆ డబ్బుతోనే నాటకాలు నడపొచ్చు కదా? గ్రాంటు మీదే ఆధారపడితే ప్రతి ఏడూ ఇదే భయం. సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బు, అది కూడా చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, కళలూ సంస్కృతీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ డబ్బు తీసుకోవాలంటే మీ సంఘానికి ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అని పిలిచేవి), సీఎస్‌ఆర్-1 నంబరు ఉండాలి. లేకపోతే మొదలుపెట్టించండి, టైం పడుతుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక బృందాలకు రెపర్టరీ గ్రాంటు కూడా ఇస్తుంది.

కంచరపాలెం టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడూ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే. పెళ్లిళ్లకు నేను వ్యతిరేకం కాదు. కానీ టెండరు పాడుకున్నవాడి చేతిలోకి తాళం వెళ్లాక సాయంత్రాలు మావి కావు. వాడికి ముహూర్తాల రోజులే కావాలి, మాకు మిగతా రోజులు కావాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసం, మధ్యలో మూఢాలు, అప్పుడు పెళ్లిళ్లుండవు. ఆ నెలల్లో హాలు ఖాళీగా తాళం వేసి ఉంటుంది తప్ప రిహార్సల్‌కు ఇవ్వడు, ఇచ్చినా మేం కట్టలేని అద్దె అడుగుతాడు. అందుకని మేమే రాసివ్వబోతున్నాం: ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్లకు కమిటీయే అద్దెకిస్తుంది, ఆ లెక్క నోటీసు బోర్డు మీద పెడుతుంది, దాంతో గ్రాంటులో సగం మేం సర్దుకుంటాం, మిగతా సగం కొనసాగించండి అని. పద్దు మొత్తం కావాలని పట్టుబట్టే కంటే ఇలా లెక్క చూపిస్తే వినేవాళ్లు ఎక్కువ ఉంటారని నా నమ్మకం. సీఎస్‌ఆర్ కాగితాలు కూడా మొదలుపెడతాం. అవి వచ్చేదాకా హాలు మా చేతిలో ఉండటం ముఖ్యం.

మాస్టారూ, యూసీ ఫైలు వెతికాం. రెండేళ్లవి దొరికాయి, పోయినేటిది కాపీ ఉంది గానీ దాని మీద స్టాంపు లేదు. మళ్లీ ఇచ్చి స్టాంపు వేయించుకోవచ్చా, లేక ఆలస్యానికి వివరణ కూడా జతచెయ్యాలా? సమాచార హక్కు అర్జీ రేపు ఇస్తున్నాం. బుకింగ్ రిజిస్టర్లు ఎర్ర అట్టల పొడుగు పుస్తకాల్లో ఉన్నాయి, తడిసినవి కొన్ని. ఎవరు ఏ రోజు ఏ నాటిక రిహార్సల్ చేశారో అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆదివారం పదింటికి హాల్లోనే కూర్చుంటున్నాం. లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు రాగలిగితే ఈ పోస్టు కిందే చెప్పండి.