ఆవులు తగ్గుతున్నాయి, పాలు పెరుగుతున్నాయి: ఇది ప్రగతేనా?

లెక్కలమనిషి:

పాడి గురించి ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు "పశువులు తగ్గిపోతున్నాయి, రేపు పాలకు కరువే" అంటారు. ఈ భయం అక్కర్లేదని నా వాదన. ఒప్పుకోని వాళ్లు అంకెలతో రండి. అమెరికాలో 1944లో 2 కోట్ల 56 లక్షల పాడి ఆవులు ఉండేవి, ఏడాదికి 5,300 కోట్ల కిలోల పాలు ఇచ్చేవి. 2007 నాటికి ఆవులు 92 లక్షలకు పడిపోయాయి, పాలు మాత్రం 8,400 కోట్ల కిలోలకు పెరిగాయి. 2023లో ఆవులు 94 లక్షల దగ్గర ఉన్నాయి, పాలు 10,000 కోట్ల కిలోలు దాటాయి. బ్రిటన్‌లో కూడా 1996లో 26 లక్షలున్న పాడి ఆవులు ఇప్పుడు 18, 19 లక్షలకు వచ్చాయి, పాల ఉత్పత్తి మాత్రం పడిపోలేదు.

ఇందులో మాయేమీ లేదు. ఆవు తిన్న మేతలో కొంత భాగం దాని ఒళ్లు నిలబెట్టుకోవడానికే పోతుంది, మిగిలిందే పాలవుతుంది. రోజుకు 7 కిలోలు ఇచ్చే 1944 నాటి ఆవు తిన్న శక్తిలో 69 శాతం ఒంటికే సరిపోయేది. 29 కిలోలు ఇచ్చే 2007 నాటి ఆవుకి ఆ వాటా 33 శాతమే. అంటే తక్కువ దిగుబడి ఆవుల్ని ఎక్కువగా మేపడం అంటే మేతనీ నీళ్లనీ భూమినీ ఉత్తినే ఖర్చు చేయడం. కిలో పాలకు వచ్చే కర్బన కాలుష్యం (భూమిని వేడెక్కించే వాయువులు) కూడా 1944లో ఉన్న దాంట్లో 2007లో 37 శాతమే. కాబట్టి తక్కువ ఆవులు, ఎక్కువ పాలు అన్నదే ఏ దేశానికైనా లక్ష్యం కావాలి. కాదనే వాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పాడిమనిషి:

లెక్కలమనిషి గారూ, మీరు చెప్పిన అంకెలు నిజమే, కానీ పాలిచ్చే ఆవుని మాత్రమే లెక్కేశారు. కొట్టంలో ఉండేది అదొక్కటే కాదు కదండీ. ఇంకా ఈనని పెయ్యలు ఉంటాయి, పాలు మాన్పించి ఈతకు ముందు రెండు నెలలు ఊరికే మేపే చూడావులు ఉంటాయి, మగదూడలు ఉంటాయి. పెయ్య పుట్టినప్పటి నుంచి తొలిచూలు ఈనే దాకా తక్కువలో తక్కువ రెండేళ్లు ఒక్క చుక్క పాలివ్వకుండా తింటుంది. ఆ రెండేళ్ల ఖర్చు ఎన్ని ఈతల మీద తీరుతుందన్నదే పాడి చేసేవాడి అసలు లెక్క. అమెరికా మందల్లో ఆవు సగటున మూడు ఈతలు కూడా నిండకుండానే, ఐదేళ్ల వయసు దగ్గర్లో మందలోంచి బయటికి పోతుంది. ఆవు సహజంగా పదిహేనేళ్లు పైన బతకగల జీవి. రోజుకు 40 లీటర్లు ఇచ్చిందని సంబరపడే ముందు ఎన్నేళ్లు ఇచ్చిందో కూడా అడగాలి.

పశువైద్యురాలు:

పాడిమనిషి గారు అన్నది వైద్యం వైపు నుంచి కూడా చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

1960ల నుంచి 2000 దాకా హోల్‌స్టీన్ అనే ఎక్కువ పాలిచ్చే విదేశీ ఆవుజాతిలో ఎంపిక అంతా పాల మీదే జరిగింది. పాలు బాగా పెరిగాయి, చూడి నిలవడం అంతకంతకూ తగ్గింది. ఈనిన కొత్తలో ఆవు తినగలిగే దానికంటే పాల్లోకి పోయే శక్తి ఎక్కువ, అది ఒంట్లో కొవ్వు కరిగించుకుని పాలిస్తుంది, ఆ వారాల్లో ఎద సరిగా రాదు, వచ్చినా కనపడదు, కట్టించినా నిలవదు. దానికి తోడు పొదుగువాపు, గిట్టల జబ్బులు, కుంటు. చూడి కట్టని ఆవుని ఎవరూ ఉంచుకోరు, అందుకే అవి తొందరగా మందలోంచి పోతాయి. అమెరికా వాళ్లు దీన్ని గుర్తించి ఆబోతుల విలువ కట్టే సూచికలో 1994లో ఆవు మందలో ఎంతకాలం నిలుస్తుందన్నది చేర్చారు, 2003 నుంచి కూతుళ్ల చూడి శాతానికి కూడా విలువ కట్టడం మొదలుపెట్టారు, 2009 నుంచి జన్యుపరీక్షతో దూడ వయసులోనే అంచనా వేస్తున్నారు. పడిపోయిన చూడి శాతం ఆ తర్వాత కొంత కోలుకుంది. కాబట్టి పాలు, సంతానశక్తి ఎప్పటికీ ఒకదానికొకటి అడ్డే అని నేను అనను. ఒక్కదాన్నే వెంటాడితే రెండోది పోతుందని మాత్రం అంటాను.

ఇంకొక ప్రమాదం గురించి జనం తక్కువ మాట్లాడతారు. పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే ఒక ఆబోతు 1960ల్లో పుట్టింది. దాని కూతుళ్ల పాల దిగుబడి చూసి దాని వీర్యం ప్రపంచమంతా వాడారు, హోల్‌స్టీన్ జాతి జన్యువుల్లో దాదాపు 14 శాతం దాని నుంచే వచ్చాయని లెక్క. దానిలో ఒక ప్రాణాంతక లోపం దాగి ఉంది, అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిండం కడుపులోనే చనిపోతుంది. దశాబ్దాల తర్వాత జన్యువుల్లో వెతికితేగానీ ఇది తెలియలేదు, ఆలోపు సుమారు 5 లక్షల చూళ్లు పోయాయని పరిశోధకుల అంచనా. ఇప్పుడు పరీక్ష ఉంది, ఆ లోపాన్ని తప్పించవచ్చు. కానీ మంద కుదించి దిగుబడి పెంచుతున్న కొద్దీ వాడే ఆబోతుల వంశాలు కూడా కుదించుకుపోతున్నాయి. దీన్ని ఏ దేశ గణాంకాల్లోనూ పాల అంకె పక్కన వేయరు.

పచ్చికబయలు:

ఇంతసేపూ మేలుజాతి, దాణా అంటున్నారు గానీ చాలా దేశాల్లో మంద ఎంత ఉండాలో తేల్చింది చట్టం. యూరప్‌లో 1984 నుంచి పాలకు కోటా ఉండేది. పాలకు పరిమితి ఉన్నప్పుడు ఒక్కో ఆవు దిగుబడి పెరిగితే ఆవులు తగ్గక తప్పదు, అందులో గొప్పేముంది? 2015 ఏప్రిల్‌లో కోటా ఎత్తేశారు. ఐర్లాండ్‌లో అప్పటిదాకా 560 కోట్ల లీటర్ల దగ్గరున్న పాలు 2022కి 880 కోట్ల లీటర్లకు చేరాయి, ఆవులు కూడా 16 లక్షలకు పెరిగాయి. దిగుబడి పెరుగుతోంది కదా అని వాళ్లు మందేమీ తగ్గించుకోలేదు, రెండూ పెంచుకున్నారు. ఫలితంగా వాగుల్లో నైట్రేట్ పెరిగి, యూరప్ నిబంధన సడలించి హెక్టారుకు 250 కిలోల పేడ నత్రజని దాకా ఇచ్చిన మినహాయింపుని 2024 నుంచి చాలా ప్రాంతాల్లో 220కి కోసేశారు. నెదర్లాండ్స్‌లో ఇంకా వేగంగా జరిగింది, కోటా పోగానే మంద పెరిగి పేడలో వచ్చే ఫాస్ఫేట్‌కి దేశం మొత్తానికి ఉన్న హద్దు దాటింది, 2017లో ఆవుల్ని బలవంతంగా తగ్గించాల్సి వచ్చింది, 2018 నుంచి ఆవు ఉంచుకోవాలంటే ఫాస్ఫేట్ హక్కులు, అంటే అంత ఫాస్ఫేట్‌కి అనుమతి, ఉండాల్సిందే.

కాబట్టి లెక్కలమనిషి గారి "కిలో పాలకు కాలుష్యం తగ్గింది" అన్న మాట నాకు సరిపోదు. నదికి కిలో పాల లెక్క తెలియదు, దానిలోకి మొత్తం ఎంత వచ్చిందన్నదే లెక్క.

లెక్కలమనిషి:

పచ్చికబయలు గారూ, మొత్తం లెక్క అడిగారు కాబట్టి చెబుతున్నా. అమెరికా పాడి రంగం మొత్తం కర్బన కాలుష్యం కూడా 1944 కంటే 2007లో 41 శాతం తక్కువ, పాలు అంత పెరిగినా. ఐర్లాండ్‌లో తప్పు దిగుబడిది కాదు, మంద మీద అదుపు లేకపోవడానిది. నేను మొదటి నుంచీ అంటున్నది "తక్కువ ఆవులు" అనే కదా, అందులో సగం వదిలేసి మిగతా సగాన్ని మాత్రం తిట్టకండి. న్యూజిలాండ్ చూడండి. 2014-15లో 50 లక్షలు దాటిన ఆవులు 2022-23కి 46.7 లక్షలకు తగ్గాయి. పాల ఘనపదార్థాలు (పాలల్లోని వెన్న, మాంసకృత్తులు) 2014-15లో 189 కోట్ల కిలోలు, 2022-23లో 187 కోట్లు, తేడా దాదాపు లేనట్టే.

పచ్చికబయలు:

న్యూజిలాండ్ నా వాదనకే బలం అండీ. అక్కడ తగ్గింది ఊరికే తగ్గలేదు. రసాయన నత్రజని ఎరువుకి హెక్టారుకు ఏడాదికి 190 కిలోల హద్దు 2021లో పెట్టారు, పశువుల నుంచీ చెత్త నుంచీ వచ్చే మీథేన్ 2030 నాటికి 2017 కంటే 10 శాతం తగ్గాలని చట్టం చేశారు, కొత్తగా పాడి పెట్టడానికి భూమి మీద ఆంక్షలు వచ్చాయి. పైగా వాళ్ల ఆవు ఏడాదికి ఇచ్చేది 4,400 లీటర్ల చిల్లర, అమెరికా ఆవు ఇచ్చే దాంట్లో సగం కూడా లేదు. అయినా తమ పాలల్లో 95 శాతం బయటి దేశాలకు అమ్ముకునే సత్తా వాళ్లది, ఎందుకంటే ఆవు ఎక్కువగా గడ్డి మీదే బతుకుతుంది, ఖర్చు తక్కువ. ఆవు ఒక్కంటికి దిగుబడే కొలమానమైతే న్యూజిలాండ్ ఎప్పుడో వెనకబడిపోవాలి.

నమూనాసర్వే:

ఒక పెద్ద దేశాన్ని అందరూ వదిలేశారు. ప్రపంచంలో పాలు ఎక్కువ వచ్చేది భారతదేశంలో, దాదాపు నాలుగో వంతు. 2012 పశుగణనలో పాలిచ్చేవీ వట్టిపోయినవీ కలిపి ఆవులు, గేదెలు 11.86 కోట్లు, 2019లో 12.53 కోట్లు, అంటే 6 శాతం పెరుగుదల. పాలు 2012-13లో 13.24 కోట్ల టన్నులు, 2018-19లో 18.77 కోట్ల టన్నులు, అంటే 42 శాతం. 2023-24లో 23.93 కోట్ల టన్నులు. మంద 6, పాలు 42 అంటే ఎవరికైనా సందేహం రావాలి.

కొంత సమాధానం మంద లోపలే ఉంది. మొత్తం ఆవుజాతి పశువుల సంఖ్య ఆ ఏడేళ్లలో ఒక్క శాతం చుట్టూ మాత్రమే కదిలింది, కానీ ఆడవి 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. ట్రాక్టర్ వచ్చాక ఎద్దు పని పోయింది, ఎద్దు తిన్న మేత ఆవుకి మళ్లింది. విదేశీ, సంకరజాతి పశువులు 27 శాతం దాకా పెరిగాయి, దేశవాళీవి 6 శాతం తగ్గాయి. సంకరజాతి ఆవు రోజుకు సుమారు 8 కిలోలు, ఏ జాతికీ చెందని నాటు ఆవు 3 కిలోల చుట్టూ. కాబట్టి పైకి కదలనట్టు కనపడే అంకె కింద చాలా జరిగింది.

మిగతా సమాధానం కొలత పద్ధతిలో ఉంది. అమెరికాలో, న్యూజిలాండ్‌లో పాలు దాదాపు అన్నీ డెయిరీ తూకం మీదికి వస్తాయి. భారత్‌లో సగానికి దగ్గరగా ఇంటి వాడకానికో, ఊళ్లోనే అమ్మకానికో పోతాయి, వాటిని ఎవరూ తూయరు. ఏడాదిలో మూడు కాలాల్లో, ఎంపిక చేసిన ఊళ్లలో నమూనా సర్వే చేసి దేశం మొత్తానికి అంచనా కడతారు. పద్ధతి తప్పని నేను అనడం లేదు. కానీ తూచిన పాలనీ అంచనా కట్టిన పాలనీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి దేశాలకు ర్యాంకులు ఇవ్వడం సరికాదు.

గేదెపాలు:

నమూనాసర్వే గారూ, ఇంకొకటి. భారత్ పాలల్లో సగానికి దగ్గరగా గేదెవి. వాటిలో వెన్న 7 శాతం చుట్టూ ఉంటుంది, హోల్‌స్టీన్ పాలల్లో 4 శాతం చుట్టూ. లీటరుకు లీటరు పోల్చితే గేదెకు అన్యాయం. వెన్న, మాంసకృత్తులు లెక్కేసి పోల్చండి, అప్పుడు అంతరం బాగా తగ్గుతుంది.

పాడిమనిషి:

నాకు ఇంకొక బాధ ఉంది. ఆవులు తగ్గినా తగ్గకపోయినా పాడి చేసే కుటుంబాలు మాత్రం తగ్గుతున్నాయి. అమెరికాలో లైసెన్సు ఉన్న పాడి మందలు 2003లో 70 వేలు పైన, 2023లో 26 వేల చిల్లర. ఆవులు ఆ ఇరవై ఏళ్లలో తగ్గలేదు, మనుషులు పోయారు. ధర పడిన ప్రతిసారీ చిన్నవాడు ఆవులు అమ్ముకుంటాడు, పెద్దవాడు కొనుక్కుంటాడు, దేశం అంకె మాత్రం నిలకడగానే కనిపిస్తుంది. లెక్కలమనిషి గారూ, మీ లక్ష్యంలో ఈ మనుషులు ఎక్కడున్నారో చెప్పండి.

లెక్కలమనిషి:

మనుషుల సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ దిగుబడి తక్కువగా ఉంచితే చిన్నవాడు బతుకుతాడని ఎక్కడా రుజువు కాలేదు, రెండు ఆవులున్న వాడికే ఒక్కో ఆవు నుంచి ఎక్కువ పాలు రావడం ముఖ్యం. దిగుబడి కాకపోతే మరి ఏ కొలమానం పెట్టుకుందాం? దానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

పశువైద్యురాలు:

నేను చెబుతాను. ఆవు పుట్టిన రోజు నుంచి మందలోంచి పోయే రోజు దాకా ఇచ్చిన మొత్తం పాలని, అది బతికిన రోజులతో భాగించండి. చేత్తో వేసుకోవడానికి ఒక ఊహా లెక్క ఇస్తున్నా.

రెండూ రెండేళ్లకి తొలిసారి ఈనాయి, ఈతకీ ఈతకీ 13 నెలలు. మొదటి ఆవు ఈతకు 10,000 కిలోలు, రెండున్నర ఈతలకే పోయింది. మొత్తం 25,000 కిలోలు, బతికింది సుమారు 4.7 ఏళ్లు, రోజుకు 14.6 కిలోలు. రెండోది ఈతకు 7,500 కిలోలే, కానీ ఐదు ఈతలు నిలిచింది. మొత్తం 37,500 కిలోలు, 7.4 ఏళ్లు, రోజుకు 13.9 కిలోలు. ఈతకు పాతిక శాతం తక్కువ ఇచ్చే ఆవు, బతికిన రోజుల లెక్కలో ఐదు శాతమే వెనకబడింది. తొలి ఈతలో ఆవు తక్కువ ఇస్తుందని, మూడో ఈత నుంచి బాగా ఇస్తుందని పాడి చేసేవాళ్లకు తెలుసు, అది కలిపితే ఆ తేడా కూడా తరిగిపోతుంది.

ఇక పెయ్యల లెక్క. మొదటి రకం ఆవులు 100 ఉంటే ఏటా 37 కొత్త పెయ్యలు మందలోకి రావాలి, రెండో రకానికి 18, 19 చాలు. రెండేళ్లు పెంచాలి కాబట్టి కొట్టంలో 74 పెయ్యలా, 37 పెయ్యలా అన్నది తేడా. వాటి మేత, వాటి పేడ, వాటి మీథేన్ "పాడి ఆవుల సంఖ్య" అనే గడిలో ఎక్కడా కనిపించవు. పెయ్యలు తక్కువ కావాల్సి వస్తే మిగిలిన ఆవుల్ని మాంసం జాతి వీర్యంతో చూడి కట్టించవచ్చు, ఆ దూడలకు మంచి ధర వస్తుంది.

లెక్కలమనిషి:

డాక్టరు గారూ, మీ లెక్కలో కూడా మొదటి ఆవే ముందుంది, అది మర్చిపోవద్దు. 10,000 కిలోల ఆవునే ఐదు ఈతలు నిలబెట్టగలిగితే అదే మేలు, అంటే దిగుబడి వదులుకోవాల్సిన పని లేదు.

పశువైద్యురాలు:

వదులుకోమని నేను ఎక్కడా అనలేదు. దిగుబడి ఒక్కటే చూసి డబ్బు కట్టినంత కాలం ఆ ఐదు ఈతలు రావని అంటున్నా. అమెరికాలోనే ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. మాంసం జాతి దూడలకు ధర పెరగడంతో రైతులు పాడి పెయ్యల్ని తగ్గించేశారు, 2025 జనవరికి పాడి పెయ్యలు 39.1 లక్షలు, 1978 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేవు. కొత్త పెయ్య దొరకడం కష్టమైంది, ధర మండిపోతోంది. దాంతో ఇదివరకైతే మూడో ఈతలో అమ్మేసే ఆవుకే గిట్టలు చూపించి, పొదుగు బాగు చేయించి ఇంకొక ఈత ఉంచుకుంటున్నారు.