డ్యాము లేకుండా నైలు వరదను పొలంలో ఎలా నిలిపారు?

కాలువగట్టు అడిగిన ప్రశ్న:

"నైలు ఏటా పొంగేది, ఒండ్రు పరిచేది, పంట పండేది." ప్రాచీన ఈజిప్టు సేద్యం గురించి ఎక్కడ చూసినా ఈ ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. పొంగిన నది పొలాన్ని కోసుకుపోకుండా నెమ్మదిగా ఎక్కాలి, మట్టి దిగేదాకా నిలవాలి, విత్తే వేళకు తప్పుకోవాలి. ఇదంతా దానంతట అది జరగదు కదా. నదికి అడ్డంగా ఆనకట్ట లేదు. మరి నీళ్ళు పొలంలోకి ఎటు నుంచి వచ్చేవి? ఎంత లోతు, ఎన్నాళ్ళు నిలబెట్టేవారు? ఈ ఏడు వరద తక్కువా ఎక్కువా అన్నది ఎలా తెలిసేది? విషయం తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఒండ్రు:

ముందు నేల వాలు చూడాలి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. నైలు లోయ మధ్యలో లోతైన గిన్నెలా ఉండదు, కొంచెం తాబేలు వీపులా ఉంటుంది. నది ఒడ్డు దాటగానే నీటి వేగం తగ్గి, ఇసుక, ముతక మట్టి ఒడ్డు పక్కనే దిగిపోతాయి. వేల ఏళ్ళుగా అలా దిగి ఒడ్లు మెరకయ్యాయి. నదికి దూరంగా, ఎడారి అంచు వైపున్న నేల వాటికంటే ఒకటి నుంచి మూడు మీటర్లు పల్లం. కాబట్టి వరద వేళ ఒడ్డుకు గండి కొడితే చాలు, నీళ్ళు వాటంతట అవే పల్లానికి పోతాయి. తోడే పని లేదు.

ఈ పల్లాన్ని నదికి అడ్డంగా మట్టికట్టలు వేసి పెద్ద పెద్ద మడులుగా విడదీశారు. ప్రతి మడికీ ఒకవైపు నది ఒడ్డు, రెండోవైపు ఎడారి మెరక, ఎగువా దిగువా అడ్డకట్టలు. ఇథియోపియా కొండల మీద వానలు మొదలైతే నీలి నైలు, అట్‌బారా ఉబ్బుతాయి. అస్వాన్ దగ్గర జూన్‌లో లేవడం మొదలైన మట్టం సెప్టెంబరు మొదట్లో శిఖరానికి చేరేది. ఆగస్టులో నీరు తగినంత ఎత్తుకు వచ్చాక కాలువ మూతిలోని మట్టిని తవ్వి తీసేవారు. ఎగువ మడి నిండాక దాని అడ్డకట్టను కోసి దిగువ మడిలోకి వదిలేవారు. లోతు సగటున ఒక మీటరు, మీటరున్నర. నిలబెట్టింది 40 నుంచి 60 రోజులు. ఈ వ్యవధిలో రెండు పనులు జరగాలి: సన్నని మట్టి కిందికి దిగాలి, నేల లోతుగా తాగాలి. అక్టోబరులో నది తగ్గాక చివరి కట్టకు గండి కొట్టి, మిగిలిన నీటిని నదిలోకే పంపేవారు.

నేల పదును మీద ఉండగానే విత్తనం వెదజల్లాలి. మెత్తటి బురద కాబట్టి తేలిక కర్రనాగలి చాలు, చాలాచోట్ల ఆవులే లాగేవి. సక్కారాలో తీ అనే అధికారి సమాధి గోడ మీద గొర్రెల మందను తోలి విత్తనం తొక్కించే దృశ్యం చెక్కి ఉంది. ఆ తర్వాత కోతల దాకా ఇంకో తడి లేదు. ఎమ్మర్ గోధుమ, బార్లీ, అవిసె మూడూ నేల దాచుకున్న తేమతోనే పండేవి. ఈజిప్టు సేద్యంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే: అక్కడ నేలే చెరువు.

ఒక మాట గుర్తుంచుకోండి. లోతు, రోజుల లెక్కలు ఎగువ ఈజిప్టులో, అంటే దక్షిణ భాగంలో, 19వ శతాబ్దం దాకా నడిచిన మడుల నుంచి తీసుకున్నవి. పద్ధతి అదే అయినా ఫారోల నాటి మడులు చిన్నవి, కట్టలు తక్కువ.

మూరకోల:

కొలత సంగతి నేను చెప్తాను. ఈజిప్టు రాజమూర 7 బెత్తెలు, అంటే 28 వేళ్ళు, సుమారు 52.5 సెంటీమీటర్లు. నది పక్కన రాతి మెట్లు కట్టి, గోడ మీద ఈ మూరల గీతలు గీసేవారు. అస్వాన్ ఎదుట ఎలిఫంటైన్ దీవిలోని కొలమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఏడాదికొక కొలత రాసిపెట్టే అలవాటు ఇంకా పాతది. పాలెర్మో రాయి అనే పాత శాసనం మీద తొలి వంశాల రాజుల ఏళ్ళ కింద వరద ఎత్తును మూరలు, బెత్తెలు, వేళ్ళతో సహా చెక్కారు.

పాత రాజధాని మెంఫిస్ లెక్కను రోమన్ రచయిత ప్లినీ ఇచ్చాడు: 12 మూరలైతే ఆకలి, 13 అయితే కొరత, 14 సంతోషం, 15 నిశ్చింత, 16 ఆనందం. ఆకలికీ ఆనందానికీ మధ్య తేడా నాలుగు మూరలే, అంటే రెండు మీటర్ల పైచిలుకు. అయితే ఈ అంకెలను ఎలిఫంటైన్ అంకెల పక్కన పెట్టి పోల్చకండి. ఒక్కో చోట సున్నా గీత ఒక్కో ఎత్తులో ఉంటుంది, నది ఎత్తు కూడా దిగువకు పోయేకొద్దీ తగ్గుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

తక్కువ వరద వస్తే మెరక మడులకు నీరందదు, ఆ ఏడు అవి బీడే. ఎక్కువ వస్తే కట్టలు తెగుతాయి, పచ్చి ఇటుక గోడలు నాని కూలుతాయి, కొట్టులోని విత్తనం తడుస్తుంది. దీనికంటే కంటికి కనపడని నష్టం ఒకటుంది. పెద్ద వరద ఆలస్యంగా తగ్గుతుంది, మడి ఆలస్యంగా ఖాళీ అవుతుంది, విత్తడం వెనకబడుతుంది. గింజ గట్టిపడే లోపే వసంతంలో ఎడారి వేడిగాలి కొడుతుంది. పైరు నిలబడే ఉంటుంది, కంకిలో గింజ ఉండదు.

పన్ను అంచనాకూ ఈ కొలతే ఆధారం. వరద పోయాక 100 మూరల తాడుతో పొలాలు కొలిచేవారు. 100 మూరల పొడవు, 100 మూరల వెడల్పు ఉన్న నేలను సెచాత్ అన్నారు, ఇప్పటి లెక్కలో పావు హెక్టారు పైన. లుక్సర్ దగ్గర మెన్నా సమాధిలో ఈ తాడు పట్టినవాళ్ళ బొమ్మ ఉంది. ఫారో రాజధానిలో కూర్చుని దేశమంతటి నీటినీ నడిపాడన్న పాత వాదం నాకు నిలిచేదిగా కనిపించదు. ఒక మడి కట్ట ఆ చుట్టుపక్కల ఊళ్ళ సమస్య. రాజ్యం గట్టిగా పట్టుకున్నది పంట లెక్కను.

కాలువగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు, ఇప్పుడు బొమ్మ కళ్ళకు కడుతోంది. ఇంకో సందేహం. ఏటా నీళ్ళు నిలబెడితే నేల చౌడుబారాలి కదా? మెసొపొటేమియాలో ఆ ఇబ్బంది వచ్చిందంటారు, ఇక్కడ ఎందుకు రాలేదు? ఏతాం ఎప్పుడు వచ్చింది?

ఒండ్రు:

చౌడు రాకపోవడానికి కారణం వరద వచ్చిన ఋతువే. కోతలు అయ్యాక ఏప్రిల్ నుంచి నది బాగా కిందికి పోయేది, దానితో పాటు భూగర్భ జలమూ దిగేది. వేసవిలో నేల లోతుగా బీటలు వారేది. ఆగస్టులో వచ్చిన నీరు ఆ బీటల్లోంచి దిగి, పైన చేరిన ఉప్పును కిందికి కడిగేసేది, మిగిలినది మడి ఖాళీ చేసినప్పుడు నదిలోకి పోయేది. టైగ్రిస్, యూఫ్రటిస్ నదులు మంచు కరిగి వసంతంలో పొంగుతాయి. అప్పటికి పైరు పొలంలోనే ఉంటుంది కాబట్టి వరదను అడ్డుకోవాలి, మళ్ళీ శరత్తులో విత్తడానికి కాలువల మీద ఆధారపడాలి. భూగర్భ జలం పైనే ఉండి ఉప్పు పైకి వచ్చింది. అందుకే మురుగు పోయే దారి నిర్లక్ష్యం చేసిన మడి ఈజిప్టులోనైనా చెడేది, ముఖ్యంగా డెల్టా ఉత్తరపు పల్లాల్లో.

ఒండ్రు ఎరువు గురించి కూడా కాస్త అతిశయం ఉంది. ఏటా చేరే పొర సగటున ఒక మిల్లీమీటరు లాంటిది. అందులో ఖనిజాలు బాగానే ఉన్నా నత్రజని తక్కువ. నేల బలానికి పప్పుధాన్యాలు, పశువుల పేడ, వేసవి బీడు కూడా తోడయ్యాయి.

ఏతాం చిత్రాలు కనిపించేది కొత్త రాజ్యకాలంలో, అంటే క్రీ.పూ. 1550 తర్వాత. దెయిర్ ఎల్ మెదీనాలో ఇపూయ్ సమాధిలో తోటకు ఏతాంతో నీళ్ళు తోడుతున్న మనిషి ఉన్నాడు. అంతకుముందు కావడికి కుండలు కట్టి మోశారు. ఈ రెండింటితో తడిసింది తోటలు, కూరమళ్ళు. గోధుమ పొలాలు కాదు. పశువులు తిప్పే పళ్ళచక్రం ఇంకా ఆలస్యంగా, టాలెమీలనే గ్రీకు రాజుల కాలంలో వచ్చింది.

తెరచాప:

ఇప్పటి పటం చూసి పాత ఈజిప్టును ఊహించకూడదని కలపాలి. నది పక్కకు జరుగుతూ పోయింది. డెల్టాలో పాతకాలం రచయితలు ఏడు పాయలు లెక్కపెట్టారు, ఇప్పుడు రషీద్, దమియెట్టా రెండే మిగిలాయి. రామెసెస్ రాజుల రాజధాని పి-రామెసెస్ పక్కన పారిన పాయ పూడిపోతే, ఊరి రాళ్ళూ విగ్రహాలూ తానిస్‌కు తరలించారు. పడవ రాని ఊరు రాజధానిగా నిలవలేదు. డెల్టాలో ఊళ్ళు కట్టింది పాత ఇసుక దిబ్బల మీద, అంటే వరదలో లంకలై తేలే మెరకల మీద.

పిరమిడ్లు ఎడారి అంచున వరసగా ఎందుకున్నాయన్న దానికి నీరు మంచి జవాబు. 2024లో అచ్చయిన ఒక పరిశోధన ఆ అంచు వెంట సుమారు 64 కిలోమీటర్ల పొడవున పూడిపోయిన పాత నైలు పాయ జాడలు చూపించింది. ఎర్ర సముద్ర తీరంలో వాదీ అల్ జర్ఫ్ దగ్గర 2013లో దొరికిన పపైరస్ చుట్టల్లో మెరెర్ అనే అధికారి దినచర్య ఉంది. అతని మనుషులు తూరా గనుల నుంచి సున్నపురాయిని పడవల్లో గిజాకు చేర్చేవారు. పది రోజులకు రెండు మూడు ప్రయాణాలు. వరద నీరు కాలువల్లోకి ఎక్కిన నెలల్లోనే అలాంటి బరువులు పని జరిగే చోటికి దగ్గరగా వెళ్ళగలవు.

ప్రయాణానికి ఇంకో కలిసివచ్చే గుణం: ప్రవాహం ఉత్తరానికి, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి. దిగువకు తెడ్లు వేసి ప్రవాహంతో, ఎగువకు తెరచాప ఎత్తి గాలితో. అందుకే చిత్రలిపిలో దక్షిణ ప్రయాణానికి తెరచాప ఎత్తిన పడవ, ఉత్తర ప్రయాణానికి చాప దించిన పడవ.

మూరకోల:

పంచాంగం గురించి చిన్న హెచ్చరిక. అఖెత్, పెరెత్, షెము అని నాలుగేసి నెలల మూడు ఋతువులు. వరద, మొలక, కోత అన్నమాట. నెలకు 30 రోజులు, చివర 5 కలిపి 365. పావు రోజు వదిలేశారు కాబట్టి నాలుగేళ్ళకొక రోజు జారేది. కొన్ని శతాబ్దాలకు పంచాంగంలో "వరద" నెల ఉండగా పొలంలో కోతలు జరిగే పరిస్థితి. శాసనంలో అఖెత్ అని కనిపించగానే నీళ్ళు పొలంలో ఉన్నాయని తీర్మానించకండి, ముందు ఆ రాజు ఏ శతాబ్దంవాడో చూసి జారిన రోజులు సవరించండి. రైతు మాత్రం నది మట్టాన్నీ, వేకువలో తూర్పున మళ్ళీ కనిపించే సోప్దెత్ నక్షత్రాన్నీ నమ్ముకోవచ్చు. ఇప్పుడు మనం సిరియస్ అనేది దాన్నే.