నూగు వెంట్రుకలకు ఎలక్ట్రాలిసిస్ చేయించుకున్నవారు ఉన్నారా?

లక్ష్మీపురం, గుంటూరు:
నాకు 26 ఏళ్లు. దవడల వెంట, గడ్డం కింద నూగు ఉండేది. రెండేళ్ల క్రితం ఒక క్లినిక్‌లో ఆరుసార్లు లేజర్ చేయించుకున్నాను. తగ్గకపోగా దవడ దగ్గర నల్లగా, ముతకగా మొలిచాయి. అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి థ్రెడింగ్ తప్పడం లేదు. ఎలక్ట్రాలిసిస్ చేయించుకోమంటున్నారు కానీ సూది అంటే భయం. మాఘమాసంలో అక్క పెళ్లి. అప్పటికి పూర్తవుతుందా?

సూర్యారావుపేట, విజయవాడ:
చెల్లెమ్మా, నీ తప్పేమీ లేదు. లేజర్ వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని పనిచేస్తుంది. నూగులో ఆ రంగే తక్కువ. మన చామనఛాయ ముఖాల మీద ఒక్కోసారి అది నూగును ముతకబరుస్తుంది కూడా. ఈ మాట ముందే చెప్పనందుకు వాళ్ల మీద నాకే కోపం వస్తోంది.

ఎలక్ట్రాలిసిస్‌కు రంగుతో పని లేదు. వెంట్రుక మొలిచే రంధ్రంలోకి సన్నని సూది దించి, కరెంటుతో కుదురును మాడుస్తారు. 1875లో అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు, కంట్లో గుచ్చుకునే రెప్ప వెంట్రుకలకు ఈ పద్ధతి వాడారు. రెప్ప అంచునే చేయగా లేనిది గడ్డానికేమిటని నేను ధైర్యం తెచ్చుకున్నాను. పోపులో ఆవగింజ ఎగిరి చేతిమీద పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, అంతే. పై పెదవి దగ్గర మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాఘమాసానికి పూర్తి కాదు. పెరిగే దశలో ఉన్న వెంట్రుక కుదురే చక్కగా మాడుతుంది, మిగిలినవి తర్వాత మొలుస్తాయి. నాకు గడ్డానికే 14 నెలలు పట్టింది. థ్రెడింగ్ ఈరోజే మానెయ్యి. పీకేసిన చోట సూదికి దారి దొరకదు. కత్తెరతో కత్తిరించుకోవచ్చు. సూది కవరు నీ కళ్లముందే చించాలి. పొక్కు కడితే గిల్లకు. నేను ఒకటి గిల్లాను, నల్లమచ్చ పోవడానికి అయిదు నెలలు పట్టింది.

బ్రాడీపేట, గుంటూరు:
నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా? పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య ఉంటే, ఒకవైపు తీస్తుంటే మరోవైపు కొత్తవి వస్తూనే ఉంటాయి. మా అమ్మాయికి అలాగే అయింది. ముందు స్త్రీవైద్య నిపుణురాలిని కలువు.

లక్ష్మీపురం:
నలభై అయిదు రోజులకు వస్తోంది పిన్నిగారూ. రేపే రక్తపరీక్షకు వెళ్తాను. శనివారం థ్రెడింగ్ కూడా మానేశాను. అక్కా, సూది పని అయ్యాక బస్సులో ఎండకు చున్నీ కట్టుకోవచ్చా?

సూర్యారావుపేట:
ఉతికిన నూలు చున్నీ వదులుగా కట్టుకో. ఆ రోజు పసుపు, పౌడరు వద్దు. సాయంత్రం అయిదు తర్వాతి సమయం అడుగు, ఎండ బాధ ఉండదు.