తాల్ముడ్: రోజుకో పత్రం చదవాలా, ఒక్క చోటే లోతుగా ఆగాలా?

యూదుల తోరా (ధర్మగ్రంథం) అధ్యయనం గురించి తెలిసినవాళ్లు దయచేసి దారి చెప్పండి. 1923లో రబ్బీ (యూదు మతగురువు) మెయిర్ షపీరో ప్రతిపాదించిన దాఫ్ యోమి పద్ధతిలో, అనువాదం సాయంతో తాల్ముడ్, అంటే యూదు ధర్మంపై పండితుల చర్చల సంకలనం, మొదలుపెట్టాను. రోజుకో పత్రం, మొత్తం 2,711, ఏడున్నరేళ్ల చదువు.

కానీ దాని మొదటి భాగమైన బెరఖోత్ మొదట్లోనే, సాయంత్రపు షెమా ప్రార్థన అర్ధరాత్రి దాకా చదవొచ్చా, తెల్లవారేదాకానా అన్న వాదం దగ్గరే మనసు ఆగిపోయింది. కదలబుద్ధి కావడం లేదు. అర్థం చేసుకోవాలన్న తపనతో చేసే చదువే దైవసాన్నిధ్యమని, ఆ సమయంలో వేరే భక్తిభావం వెతుక్కోనక్కర్లేదని వొలోజిన్ ఊరి రబ్బీ హయీమ్ బోధించారు. ఆ మాట నాకు చాలా నిజమనిపిస్తోంది.

మరి రోజువారీ లెక్క వదిలేసి ఇక్కడే ఉండిపోవచ్చా? హవ్రూతా, అంటే జంటగా వాదిస్తూ చదివే తోడు, లేనివాళ్లు తమ అవగాహన సరైనదో కాదో ఎలా సరిచూసుకుంటారు? తాల్ముడ్‌కు రాషీ రాసిన వ్యాఖ్యానం తర్వాత ఏది పట్టుకోవాలి?