రోమా 3:28, యాకోబు 2:24 ఒకదానికొకటి అడ్డు కావా?

ప్రశ్న: క్రియలు లేకుండా విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడుగా తీర్చబడతాడని పౌలు అంటాడు. విశ్వాసమాత్రం చేత కాదు, క్రియల వల్ల అని యాకోబు. ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు. ఎలా చదవాలి?

జవాబు 1: ఇద్దరూ ఏ ఘట్టాన్ని చూపుతున్నారో చూడండి. పౌలు పట్టుకున్నది ఆదికాండము 15:6, అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న వచనం. అప్పటికి అబ్రాహాము కొడుకు ఇష్మాయేలు పుట్టలేదు. అతను పుట్టేసరికి అబ్రాహాముకు 86 ఏళ్లు, సున్నతి 99వ ఏట. అంటే నీతిగా ఎంచబడింది సున్నతికి కనీసం 13 ఏళ్ల ముందే. రోమా 4:10లో పౌలు వాదనంతా దీనిమీదే నిలబడింది. యాకోబు చూపేది 22వ అధ్యాయం, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. ముందే ఉన్న విశ్వాసం అక్కడ బయటపడింది.

జవాబు 2: "విశ్వాసం" అన్న మాట కూడా ఇద్దరి దగ్గర ఒకటి కాదు. దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయంటాడు యాకోబు (2:19). అది ఒప్పుకోలు మాత్రమే, దేవునిమీద ఆనుకోవడం కాదు. బట్టల్లేనివాడికి "చలి కాచుకో" అని చెప్పి పంపేసే విశ్వాసాన్నే ఆయన మృతమంటాడు. రక్షణ కృప చేతనే, క్రియల వల్ల కాదు అనే ఎఫెసీ 2:8, 9 దగ్గర చాలామంది ఆగిపోతారు, పొరపాటంతా అక్కడే. 10వ వచనం కూడా చదవండి: సత్‌క్రియల "వలన" కాదు, సత్‌క్రియలు "చేయుటకై".

జవాబు 3: సంఘాల మధ్య తేడా నిజమే. కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1547లో, విశ్వాసమాత్రం చేతనే అన్న సంస్కర్త లూథర్ పక్షాన్ని ఖండించింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి: దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లే, మన యోగ్యత వల్ల కాదు. సత్‌క్రియలకు దేవుడిచ్చే ప్రతిఫలం గురించిన చర్చ మాత్రం ఇంకా తెగలేదు.